‘ఆడు’ క్రియ అర్థచరిత్ర: ఈపురుపాలెం మగ్గాల వాడుక – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగువారి నిత్యవ్యవహారంలో ఎక్కువగా వినిపించే క్రియల్లో ‘ఆడు’ ఒకటి. క్రీడించడం, నర్తించడం, పలకడం, స్నానం చేయడం, కదలడం, పనిముట్టు పనిచేయడం వంటి భిన్నార్థాలు దీనికి ఉన్నాయి. నిఘంటువులు ఈ అర్థాలను పేర్కొంటాయి గాని, వాటి మధ్య సంబంధాన్ని వివరించవు. అందువల్ల ‘క్రీడించు’ అన్నదే ముఖ్యార్థమనీ, తక్కినవి అలంకారప్రాయమైన వాడుకలనీ నేటి పాఠకుడు భావిస్తున్నాడు. ఈ భావన సరికాదనీ, ‘అటూ ఇటూ కదలడం, కదిలి మళ్లీ మొదటికి రావడం’ ఈ క్రియకు మూలార్థమనీ ప్రస్తుత వ్యాసం ప్రతిపాదిస్తుంది. బాపట్ల జిల్లా చీరాల మండలంలోని ఈపురుపాలెం నేతకారుల నోట వినిపించే ‘మగ్గం ఆడు’ అన్న ప్రయోగాన్ని ఇందుకు ప్రధాన సాక్ష్యంగా తీసుకుని, సోదరభాషల రూపాలతోనూ ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్న సామెతతోనూ సమన్వయించి చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆడు, అర్థపరిణామం, నిఘంటువు, వృత్తిపదజాలం, చేనేత, ఈపురుపాలెం, సామెత.

1. ఉపోద్ఘాతం:

‘ఆడు’ అంటే అర్థమేమిటని డిగ్రీ తరగతి విద్యార్థులను అడిగితే వచ్చే మొదటి సమాధానం ‘ఆటలాడటం’. ‘మరి ఊపిరాడటం లేదంటే?’ అని మళ్లీ అడిగితే ‘అది జాతీయం కదా!’ అంటారు. ‘గాలి ఆడటం లేదు’, ‘కాళ్లూ చేతులూ ఆడటం లేదు’, ‘ఆడినమాట తప్పడు’ అన్నవన్నీ వారి దృష్టిలో జాతీయాలే. జాతీయమని పేరు పెట్టడంతో పదానికీ అర్థానికీ మధ్య ఉన్న సంబంధం గురించి అడగవలసిన అవసరం తీరిపోతుంది. ఒక పదానికి ఉన్న పాత అర్థం మరుగున పడినప్పుడు, ఆ అర్థంలో మిగిలిన ప్రయోగాలకు మనం పెట్టుకునే పేరే చాలాసార్లు జాతీయం.

ఈ సమస్యను గ్రంథాల్లో కాక మగ్గాల దగ్గర ఎదుర్కోవడం ఈ పరిశీలనకు కారణం. ఈపురుపాలెం చీరాలను ఆనుకొని ఉన్న చేనేత గ్రామం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాలో ఉండేది. 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. అక్కడి నేతవాడలో ‘పని ఎట్లా ఉంది బాబాయ్?’ అని అడిగితే, ‘ఆడుతోందిలే’ అన్నదే జవాబు. ఏది ఆడుతోందో చెప్పనక్కర లేదు. ఆ ఇంట్లో మరో మాట అవసరం లేకుండా ‘ఆడేది’ మగ్గమొక్కటే. ఈ వాక్యంలోని ‘ఆడు’ క్రీడార్థం నుంచి పుట్టిన అలంకారమా, లేక క్రీడార్థం కన్నా పాతదైన మరో అర్థాన్ని నిలుపుకొన్న వాడుకా అన్నది ఈ వ్యాసం ముందున్న ప్రశ్న.

2. నిఘంటువులలో ‘ఆడు’:

సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లో వెలువడ్డాయి. ఆంధ్ర సాహిత్య పరిషత్తు చేపట్టిన శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. బ్రౌన్ కావ్యభాషతోపాటు వ్యవహారభాషకూ చోటిచ్చాడు. తరువాతి రెండు నిఘంటువులకు కావ్యప్రయోగమే ప్రధాన ప్రమాణం. ఒక అర్థానికి పూర్వకవి ప్రయోగం దొరికితే అది నిలుస్తుంది. దొరకకపోతే ఆ అర్థం ఎన్ని వేల నోళ్లలో ఉన్నా దానికి చోటు దక్కడం కష్టం. ఈ పద్ధతి కావ్యపఠనానికి చేసిన మేలు తక్కువది కాదు. కాని ‘ఆడు’ వంటి క్రియ విషయంలో దీనివల్ల రెండు లోపాలు ఏర్పడ్డాయి.

మొదటిది: అర్థాల వరుస కాలక్రమాన్ని సూచించదు. మొదటి సంఖ్య ఉన్న అర్థమే మొదట పుట్టిన అర్థమని పాఠకుడు సహజంగా అనుకుంటాడు. ఈ విషయంలో ఇతర భాషల అనుభవం గమనించదగినది. స్కాట్లండులో 1700కు పూర్వం వాడుకలో ఉన్న భాషకు 1931 నుంచి 2002 వరకు 12 సంపుటాలుగా ఒక చారిత్రక నిఘంటువు వెలువడింది. అందులో వెళ్లడం, పెట్టడం వంటి సాధారణ క్రియలకు సైతం ఒక్కొక్క అర్థం కిందా తేదీలతో కూడిన ప్రయోగాలు వరుసగా ఉంటాయి. కావ్యాలతోపాటు పురపాలక దస్తావేజులు, లెక్కల పుస్తకాలు, న్యాయస్థాన పత్రాలు కూడా వారికి ఆకరాలే. అంటే ఒక క్రియ చరిత్రకు కవి ఎంత సాక్షియో, సరుకు లెక్క రాసుకున్న గుమాస్తా కూడా అంతే సాక్షి. తెలుగులో శాసనాలు, కైఫియతులు, దస్తావేజులు సమృద్ధిగా ఉన్నా సాధారణ క్రియల అర్థచరిత్రకు వాటిని ఈ స్థాయిలో వినియోగించుకోవలసి ఉంది.

రెండవది: వృత్తిభాషలోని క్రియకు చోటు దొరకకపోవడం. ఈ లోటును తీర్చడానికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం గొప్ప ప్రయత్నం. 1962లో వ్యవసాయపదాల సంపుటం, 1971లో చేనేతపదాల సంపుటం వెలువడ్డాయి. వృత్తిపదకోశాలు సహజంగానే పనిముట్లు, వాటి భాగాలు, ఆ వృత్తికే ప్రత్యేకమైన పనుల పేర్ల మీద దృష్టి పెడతాయి. నాడె, పన్నె, కండె, పడుగు, పేక వంటి మాటలు ఆ వృత్తివారికే సొంతం కాబట్టి అన్వేషకుని చెవికి వెంటనే తగులుతాయి. ‘ఆడు’ అట్లా తగలదు. అది అందరికీ తెలిసిన మాట. పండిత నిఘంటువుకు ‘మగ్గం ఆడు’ కావ్యప్రయోగం కాదు. వృత్తిపదకోశానికి ‘ఆడు’ ప్రత్యేకపదం కాదు. ఈ రెంటి నడుమ నుంచి ఇది జారిపోయే అవకాశం ఎక్కువ.

3. సోదరభాషల సాక్ష్యం:

బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ ముద్రణ 1984) ఈ క్రియకు సంబంధించిన రూపాలను ఒకచోట చేర్చింది. తమిళంలో ‘ఆటు’ (ఉచ్చారణలో ‘ఆడు’) అంటే కదలు, ఊగు, వణకు, నర్తించు, క్రీడించు, స్నానం చేయు. మలయాళంలోనూ ఊగడం, నర్తించడం ఉన్నాయి. కన్నడంలో కదలడం, క్రీడించడంతోపాటు పలకడం కూడా ఉంది. ‘మాతనాడు’ మన ‘మాటలాడు’కు సమానం.

ఇందులో రెండంశాలు గమనార్హం. కదలిక, ఊగు అన్న అర్థం ఈ భాషలన్నిటిలో స్థిరంగా ఉంది. ‘పలుకు’ అన్న అర్థం మాత్రం ప్రధానంగా తెలుగు, కన్నడాల్లో స్వతంత్రంగా నిలిచింది. తమిళంలో అది ‘ఉరైయాడు’ (సంభాషించు), ‘వళక్కాడు’ (వాదులాడు) వంటి సమాసక్రియల్లో కనిపిస్తుంది.

తమిళంలో ఈ క్రియకు సకర్మకరూపం ‘ఆట్టు’. ఊపడం, కదిలించడం దాని అర్థాలు. పిండి రుబ్బడానికీ, గానుగలో నూనె తీయడానికీ కూడా తమిళులు ఇదే క్రియ వాడతారు. తెలుగులో ఆ పని ‘ఆడించు’ చేస్తుంది: ‘పిండి ఆడించు’, ‘నూనె ఆడించు’. రూపనిర్మాణం వేరైనా రెండు భాషలూ తిరగలికీ గానుగకూ ఒకే ధాతువును ఎంచుకున్నాయి. పనిముట్టు విషయంలో ‘ఆడు’ వాడటం నిన్నమొన్నటి పత్రికాప్రయోగమో, యంత్రాలు వచ్చాక పుట్టిన చమత్కారమో కాదనడానికి ఇది బలమైన ఆధారం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. స్త్రీవాచకమైన ‘ఆఁడుది’, ‘ఆఁడుబిడ్డ’ వంటి మాటల్లోని ‘ఆఁడు’ వేరు. దానిలో అరసున్న ఉంది. ప్రస్తుత క్రియలో లేదు. ఆధునిక లేఖనంలో అరసున్న పోవడంతో రెండూ ఒకే రూపంగా కనిపిస్తున్నా వీటికి వ్యుత్పత్తిసంబంధం లేదు.

4. అర్థశాఖలు:

4.1 దేహం, గాలి, ఊపిరి: ‘తల ఆడించు’, ‘తోక ఆడించు’ అన్నప్పుడు క్రీడ లేదు, నృత్యం లేదు, అటూ ఇటూ కదిలించడం మాత్రమే ఉంది. ‘గాలి ఆడని గది’ అంటే గాలి లోపలికి వచ్చి బయటికి పోని గది. ‘ఊపిరాడదు’ అన్నదీ అంతే. ఊపిరి ఒకవైపు వెళ్లేది కాదు; పోయి రావాలి. ‘కాళ్లూ చేతులూ ఆడటం లేదు’ అన్న మాట దిక్కుతోచని స్థితిని చెప్పినా, దాని పదార్థం అవయవాలు కదలకపోవడమే. ఉయ్యాల ఊగడం నుంచి నర్తకి పాదాల కదలిక వరకు ఇదే సూత్రం. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతలో ‘ఆడు’ నృత్యమే. నృత్యం, క్రీడ ఈ చలనార్థం నుంచి విస్తరించిన శాఖలని భావించడం సులభం. ‘క్రీడించు’ నుంచి ఊపిరాడటానికి వెళ్లే దారి చూపడం కష్టం.

4.2 నీరు: ‘జలకమాడు’, ‘తీర్థమాడు’, ‘నీరాడు’ అన్న ప్రయోగాల్లో ‘ఆడు’ స్నానార్థకం. తమిళంలో ‘నీరాడు’ ఇదే అర్థంలో ఉండటం వల్ల దీని ప్రాచీనతను సందేహించనక్కర లేదు. పల్లెల్లో ‘నీళ్లాడు’ అంటే ప్రసవించడం కూడా. ‘నీళ్లాడే పొద్దులు’ అంటే నెలలు నిండిన రోజులు. నీటిలో మునిగి లేచే చలనం స్నానార్థానికి ఆధారమని చెప్పవచ్చు. కాని ఈ శాఖ మూలం నుంచి చాలా దూరం జరిగింది. నేటి ‘నీళ్లాడు’లో కదలిక అన్న స్పృహ వక్తకు లేదు.

4.3 వాక్కు: ‘ఆడినమాట’, ‘అబద్ధమాడు’, ‘నిందలాడు’, ‘ప్రియమాడు’ వంటివి కావ్యభాషలోనూ వ్యవహారంలోనూ విస్తారంగా ఉన్నాయి. ‘మాటలు ఆడు’ అన్నదే ‘మాటలాడు’, ‘మాట్లాడు’గా మారింది. చలనం నుంచి పలుకుకు దారి ఏది? ఇద్దరి మధ్య మాట అటూ ఇటూ తిరగడమని ఒక సమాధానం. ‘మాటలాడు’, ‘వాదులాడు’, ‘పోట్లాడు’ విషయంలో ఇది చక్కగా సరిపోతుంది. అయితే ‘అబద్ధమాడు’, ‘ఆడినమాట తప్పు’ అన్నవాటికి ఇది చాలదు. వాటిలో వినిమయం లేదు, ఒకరి నోట వెలువడిన మాట మాత్రమే ఉంది. అక్కడ ‘నోరాడు’, ‘నాలుక ఆడు’ అన్న దేహచలనం నుంచి అర్థం విస్తరించిందని భావించడం సమంజసం. ఒకే వాగర్థానికి రెండు దారులు ఉండవచ్చు. అన్ని ప్రయోగాలనూ ఒకే దారిలోకి లాగితే సిద్ధాంతం అందంగా కనిపిస్తుంది గాని నిజం దెబ్బతింటుంది.

4.4 అనుబంధక్రియగా ‘ఆడు’: మరో క్రియకు చేరినప్పుడు ‘ఆడు’ ఇచ్చే అర్థం మూలార్థాన్ని స్పష్టంగా పట్టిస్తుంది. ‘వెతుకు’కూ ‘వెతుకులాడు’కూ భేదముంది. వెతికితే దొరకవచ్చు, వెతుకులాడేవాడు తిరిగిన చోటనే తిరుగుతున్నాడు. ‘పాకులాడు’, ‘పెనుగులాడు’, ‘ఊగిసలాడు’, ‘కొట్టుమిట్టాడు’ అన్నిటిలోనూ గమ్యం చేరని, మళ్లీ మళ్లీ జరిగే చర్య ఉంది. ‘కొట్లాడు’, ‘పోరాడు’ వంటివాటిలో ఇద్దరి మధ్య అటూ ఇటూ సాగే చర్య ఉంది. పునరావృత్తి, పరస్పరత రెండూ ‘పోయి తిరిగి రావడం’ అన్న ఒక్క చలనానికి రెండు ముఖాలు.

5. ఈపురుపాలెం మగ్గాల వాడుక:

ఈ నేపథ్యంలో ‘మగ్గం ఆడు’ను పరిశీలించాలి. గుంటమగ్గం మీద నేతగాడు గుంట అంచున కూర్చుంటాడు. కాళ్లు గుంటలోని తొక్కుడుకర్రలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతాయి. పడుగుపోగులు రెండు వరుసలుగా విడిపడి, కిందివి పైకీ పైవి కిందికీ మారుతాయి. ఆ సందులో నాడె కుడినుంచి ఎడమకూ ఎడమనుంచి కుడికీ పోయి వస్తుంది. పన్నె ముందుకు వచ్చి పేకను అదిమి వెనక్కు వెళుతుంది. నేత సాగుతున్నంతసేపూ మగ్గంలోని ఈ ప్రతి కదలికా మళ్లీ మొదటికి తిరిగి వచ్చేదే. బట్ట మాత్రమే అంగుళం అంగుళంగా ముందుకు సాగుతుంది.

‘నడుచు’ అన్న క్రియతో పోల్చితే ఈ భేదం తేటపడుతుంది. బండి నడుస్తుంది, దుకాణం నడుస్తుంది, సంసారం నడుస్తుంది. అవి ముందుకు సాగేవి. గానుగ, తిరగలి, మగ్గం ఉన్నచోటనే ఉండి పనిచేసేవి, అవి ఆడతాయి. ‘మగ్గం నడుస్తోంది’ అన్న మాట నేడు వినిపించదని కాదు. కాని అది వృత్తి సాగుతోందని చెబుతుంది. ‘మగ్గం ఆడుతోంది’ అన్నది ఆ పూట, ఆ ఇంట్లో, ఆ పనిముట్టు కదులుతోందని చెబుతుంది. ఇట్లా చూసినప్పుడు ‘మగ్గం ఆడు’లో అలంకారమేదీ లేదు. ‘తల ఆడించు’లో ఉన్న అర్థమే ఇక్కడా ఉంది. ఇది వాచ్యార్థమే.

ఈ ప్రయోగానికి వ్యాకరణపరంగా మరో విశేషం ఉంది. ‘నేయు’ సకర్మకం, దానికి నేసేవాడు కర్త, బట్ట కర్మ. ‘ఆడు’ ఇక్కడ అకర్మకం, మగ్గమే కర్త. ‘ఈ వారం నేను నేయలేదు’ అంటే ఎందుకు నేయలేదన్న ప్రశ్న నేతగాడి మీదికి వస్తుంది. ‘ఈ వారం మగ్గం ఆడలేదు’ అంటే రాదు. వానలకు గుంటలో నీరు ఊరి ఉండవచ్చు; షావుకారు నూలు ఇచ్చి ఉండకపోవచ్చు; నేసిన చీరలు అమ్ముడుపోక నిలిచి ఉండవచ్చు; ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఉండవచ్చు. కారణం ఏదైనా వాక్యం ఒకటే. తన చేతిలో లేని కారణాల వల్ల పని ఆగినవాడు, ఆ ఆగిపోవడాన్ని తన తప్పుగా ఒప్పుకోకుండానూ ఎవరినీ నిందించకుండానూ చెప్పగలిగే వాక్యమిది. ఈ మర్యాద ప్రశంసించదగినదే. అయితే అదే వాక్యం, నూలు ఇవ్వనివారి పేరును కూడా కప్పివేస్తుందన్నది విమర్శకుడు మరవరాని సంగతి.

6. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’:

ఈ సామెతకు పాఠ్యపుస్తకాల పద్ధతిలో చెప్పే తాత్పర్యం ‘కష్టపడితే గాని పూట గడవదు’ అని. తాత్పర్యం తప్పు కాదు. కాని అది ‘ఆడు’ను రెండుచోట్లా తుడిచివేసింది. మొదటి ‘ఆడు’ను ‘కష్టపడు’గా, రెండవ ‘ఆడు’ను ‘గడచు’గా మార్చింది. ఒకే క్రియ రెండుసార్లు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు అంత్యప్రాస కోసమన్న సమాధానం మాత్రమే మిగిలింది.

రెక్క అంటే ఇక్కడ చేయి. ‘రెక్కల కష్టం’, ‘రెక్కలు ముక్కలు చేసుకొను’ అన్నచోట్ల ఉన్న అర్థమే. డొక్క అంటే పొట్ట. పక్కటెముకల కింది పార్శ్వభాగం కూడా. పరుగెత్తి వచ్చిన ఎద్దు డొక్కలు ఎగరేస్తుందంటాం. ఊపిరి పోయి వస్తున్నంతకాలం కదులుతూ కనిపించేది ఆ భాగమే. కాబట్టి డొక్క ఆడటమంటే, మాటకు మాటగా, ఊపిరాడటం. చేయి కదిలితేనే డొక్క కదులుతుంది. చేయి ఆగితే డొక్క ఆగుతుంది. సామెత చెబుతున్నది పూట గడవకపోవడం గురించి మాత్రమే కాదు, ప్రాణం నిలవడం గురించి. రెండుచోట్లా ఒకే అర్థంలో ఒకే క్రియ ఉండటం వల్లనే ఈ రెండు కదలికల మధ్య బంధం వినిపిస్తుంది.

చేనేత ఊళ్లలో ఈ సామెత ‘మగ్గం ఆడితేనే డొక్కాడేది’ అన్న రూపంలో వినిపిస్తుంది. ఇక్కడ రెక్క స్థానంలో మగ్గం వచ్చింది. ఈ మార్పు సామెతకు ఏమాత్రం ఎబ్బెట్టుగా లేదు. కారణం స్పష్టం: రెక్కకూ మగ్గానికీ డొక్కకూ ఒకే క్రియ, ఒకే అర్థంలో చెల్లుతోంది. నేతగాడి అనుభవంలో మగ్గం దేహానికి బయట ఉన్న వస్తువు కాదు. చేతికీ ఊపిరికీ నడుమ ఉన్న మూడవ అవయవం. ‘కదులు’, ‘పనిచేయు’, ‘గడచు’ అన్న మూడు వేర్వేరు క్రియలతో ఈ వాక్యాన్ని తిరగరాస్తే సమాచారం మిగులుతుంది. ఆ అనుభవం మిగలదు.

7. పత్రికాభాష:

చేనేత సంక్షోభం గురించి రాసేటప్పుడు పత్రికలు విరివిగా వాడే మాట ‘మూగబోయిన మగ్గాలు’. ఇది శబ్దం మీద ఆధారపడిన రూపకం. వీధిలో నడిచివెళ్లేవారికి మగ్గం మొదట చప్పుడుగా తెలుస్తుంది. ఆ చప్పుడు ఆగితే మగ్గం మూగదైనట్టు తోస్తుంది. గుంటలో కాళ్లుంచి కూర్చున్నవాడికి మగ్గం చప్పుడు కాదు, కదలిక. అతడు ‘ఆడటం లేదు’ అంటాడు. రెండు మాటలూ ఒకే స్థితిని చెబుతున్నా ఒకటి వీధిలోనుంచి, మరొకటి ఇంటిలోనుంచి పలికినవి. ‘మూగబోవు’లో జాలి ఉంది. ‘ఆడటం లేదు’లో జాలికి చోటు లేదు, అది పని స్థితిని తెలిపే వివరణ. నేతవారి జీవితాన్ని చిత్రించే కథల్లో, కవితల్లో ఏ క్రియ వాడారన్నది రచయిత నిలబడిన చోటును పట్టించే సూచిక కాగలదు. ఈ కొలతతో చేనేత సాహిత్యాన్ని మళ్లీ చదవవలసి ఉంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ‘ఆడు’ క్రియకు ‘పోయి తిరిగి వచ్చే చలనం’ మూలార్థం. క్రీడ, నృత్యం దాని శాఖలు. అవి మూలం కావు.

2. వాగర్థానికి పరస్పర వినిమయం, నోటి చలనం అనే రెండు దారులున్నట్టు తోస్తుంది. స్నానార్థం ప్రాచీనకాలంలోనే ప్రత్యేకశాఖగా స్థిరపడింది.

3. ‘మగ్గం ఆడు’, ‘ఊపిరాడు’, ‘గాలి ఆడు’, ‘డొక్కాడు’ అన్నవి అలంకారాలు కావు. మూలార్థాన్ని నిలుపుకొన్న వాచ్యప్రయోగాలు. వీటిని జాతీయాలుగా మాత్రమే చూపే పద్ధతిని పాఠ్యగ్రంథాలు పునరాలోచించాలి.

4. వృత్తిపదసేకరణ నామవాచకాలతో ఆగకూడదు. వృత్తికారులు సాధారణక్రియలను ఏ కర్తతో, ఏ అర్థంలో వాడుతున్నారో వాక్యాలతో సహా నమోదు కావాలి.

చివరి అంశం తొందరపడవలసినది. పనిముట్టు పోయినా దాని పేరు ప్రదర్శనశాలలో చీటీగానైనా మిగులుతుంది. నాడెను చూపి ఇది నాడె అని చెప్పవచ్చు. క్రియకు ఆ అవకాశం లేదు. కదలని మగ్గాన్ని చూపి ‘ఆడు’ అంటే ఏమిటో ఎవరికీ చెప్పలేము. ఈపురుపాలెంలో ఇప్పటికీ మగ్గాలు ఆడుతున్నాయి. ఆ మాటను నేతవారి నోట విని రాసుకోవడానికి తగిన సమయం ఇదే.